దేవుడి గుర్రం ఎప్పుడు మట్టవుతుంది?

తమిళనాడులో పుదుక్కోట్టై దగ్గర నమునసముద్రం అనే ఊరుంది. అక్కడి అయ్యనార్ గుడికి వెళ్లే బాట పొడవునా మట్టి గుర్రాలు వందల్లో బారులు తీరి ఉంటాయి. కొత్తవి మెడ నిక్కించి, పళ్లు బయటపెట్టి, గంటల పట్టీలతో రౌతు కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడతాయి. పాతవాటిలో ఒకదానికి చెవి లేదు, ఒకదానికి తల లేదు. కొన్నిటికి మిగిలినవి నాలుగు కాళ్లే. ఆ కాళ్లూ పోయినచోట పెంకులుంటాయి, పెంకుల సందుల్లో గడ్డి మొలిచి ఉంటుంది.

వాటిని ఎవరూ అతికించరు. ఎవరూ ఎత్తి పారేయరు కూడా. ఇంట్లో దేవుడి పటం అద్దం పగిలితే కీడని కంగారుపడే దేశంలో, దేవుడి వాహనం తల రాలిపోతే ఊరు నిశ్చింతగా ఉంటుంది. ఇది అశ్రద్ధ అనుకుంటే పొరపాటే. ఈ నిశ్చింత వెనక ఒక పెద్ద తాత్త్విక ప్రశ్న ఉంది: మట్టి ఎక్కడ గుర్రమైంది, గుర్రం ఎక్కడ మళ్లీ మట్టయింది, ఈ రెంటి మధ్యలో దేవుడికి ముట్టిందేమిటి?

అయ్యనార్ ఊరి కావలి దేవుడు. గుడి ఊళ్లో ఉండదు, పొలిమేరలో చెరువు గట్టు దాపున, చెట్ల గుబురులో ఉంటుంది. రాత్రిళ్లు ఆయన పరివారంతో గుర్రమెక్కి పొలాలు, చెరువు, ఊరి హద్దులు చుట్టివస్తాడని నమ్మకం. అయ్యనార్ శాకాహారి. పక్కనే ఉండే కరుప్పన్ లాంటి పరివార దేవతలకు మాత్రం మేకనో కోడినో కోస్తారు. ఆ సమయంలో అయ్యనార్ ముందు తెర దించుతారు. పెద్దాయన కంటబడకుండా పని జరిగిపోవాలన్న ఈ మర్యాద ఏ ఉమ్మడి కుటుంబానికైనా తెలిసిందే.

గుర్రమే ఎందుకు? తమిళ నేల గుర్రాలకు అచ్చిరాలేదు. 13వ శతాబ్దం చివర పాండ్య రాజ్యానికి వచ్చిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా అరబ్బు ఓడల్లో వేల గుర్రాలను దింపుకుంటారని, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవని రాశాడు. అంత ఖరీదైన, అంత త్వరగా చచ్చిపోయే జంతువు మీద ఎక్కగలిగింది రాజూ, ఆయన సేనానీ మాత్రమే. జన్మలో గుర్రం ఎక్కని రైతు తన దేవుడికి గుర్రం ఇవ్వాలనుకున్నాడు. ఇవ్వగలిగింది మట్టి గుర్రం. రాజులు అశ్వమేధంలో బతికున్న గుర్రాన్ని బలిచ్చారు. బృహదారణ్యకోపనిషత్తు మొదట్లోనే ఆ యాగాశ్వం ఒళ్లంతా విశ్వంగా చూడమంటుంది, ఉషస్సును దాని తలగా భావించమంటుంది. అంత పెద్ద ఊహకు కావలసిన గుర్రం ఎవరికి దొరుకుతుంది? పల్లెవాడు తన యాగాన్ని ఆవంలో కానిచ్చాడు.

ఈ గుర్రాలు చేసేది దక్షిణ తమిళనాట వేళార్ అనే బిరుదున్న కుమ్మరులు. కెనడా మానవశాస్త్రవేత్త స్టీఫెన్ ఇంగ్లిస్ మదురై ప్రాంతంలో వాళ్లతో కలిసి తిరిగి చాలా రాశాడు. ఆయన చూపిన విశేషం, వేళార్ వట్టి పనివాడు కాడన్నది. చాలా గుళ్లలో పూజారి ఆయనే, దేవుడు పూనేదీ ఆయనకే. చేసేదీ ఆయనే, చేసినదాన్ని పూజార్హం చేసేదీ ఆయనే. తెలుగు పల్లెల్లోనూ కొన్నిచోట్ల గ్రామదేవతకు కుమ్మరే పూజారి కాబట్టి ఇది మనకు మరీ వింత కాదు. కాకపోతే కుమ్మరిని కుండలిచ్చేవాడిగానే గుర్తుంచుకోవడం మనకు అలవాటైపోయింది.

పని మొదలయ్యే తీరు చూడాలి. గుర్రాలు ఎత్తే పండుగను పురవి ఎడుప్పు అంటారు. అది చేయాలని ఊరు నిర్ణయించుకున్నాక, పెద్దలు తమ నేల నుంచి పిడికెడు మట్టి తీసి వేళార్ చేతిలో పెడతారు. దాని పేరు పిడిమణ్, అంటే పిడికెడు మన్నే. బయానా డబ్బు కంటే ఆ పిడికెడుకే విలువ ఎక్కువ. కుమ్మరి దాన్ని తను తవ్వి తెచ్చిన మట్టిలో కలుపుతాడు. గుర్రం ఒంట్లో ఆ ఊరి మన్ను ఎంతపాటి? చిటికెడంత కూడా కనిపించదు. అయినా అప్పటి నుంచి అది ఆ ఊరి గుర్రం.

పెద్ద గుర్రాన్ని కుండలా సారె మీద తిప్పి తీయలేరు. మట్టిలో ఇసుక, ఊక కలిపి తొక్కి, ముందు నాలుగు కాళ్లనూ బోలు గొట్టాల్లా నిలబెడతారు. అవి కాస్త బిగిశాక వాటి మీద పొట్ట, ఆపైన మెడ, చివర తల. తొందరపడి పైభాగం ఎత్తితే కాళ్లు కుంగుతాయి, ఆలస్యం చేస్తే కొత్త మట్టి పాతదానికి పట్టదు. మనిషిని మించిన ఎత్తు గుర్రాన్ని ఆ మట్టి తడి చెప్పినట్టు విని కట్టాలి. కాల్చేటప్పుడు పిడకలు, గడ్డి చుట్టూ పేర్చి, పైన పెంకులు కప్పి మట్టి మెత్తుతారు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని తెలుగువాళ్లు ఊరికే అనలేదు. అయితే ఈ కుమ్మరి శ్రమ పగలడానికి గుదియ కూడా అక్కర్లేదు, రెండు మూడు వానకాలాలు గట్టిగా కురిస్తే చాలు.

కాలిన గుర్రం ఇంకా దేవుడి గుర్రం కాదు. పండుగనాడు వేళార్ దాని కళ్లు దిద్దుతాడు. కళ్లు తెరిచాకే పూలదండలు, కొత్తబట్ట, మేళం. కర్రల మీద, భుజాల మీద ఎత్తుకుని, ఊరి నడిమిగా పొలిమేర దాకా మోసుకెళ్లి గుడి ముందు దించుతారు. ఆ రాత్రికి దాని పని ఉచ్చస్థితిలో ఉన్నట్టు. మర్నాటి నుంచి దానికి నిత్యపూజ లేదు, చూరు లేదు, కాపలా లేదు.

ఇక్కడ మన శాస్త్రాలను ఒకసారి పలకరించాలి. భారతీయ తత్త్వవేత్తలకు కుండ లేకపోతే పూట గడవదు. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మట్టిముద్దనే చూపించాడు: ముద్ద తెలిస్తే మట్టితో అయినవన్నీ తెలిసినట్టే, ఆకారాలు పేరుకే. అద్వైతులు దాన్ని పట్టుకుని కుండ మిథ్య, మట్టి సత్యం అన్నారు. సాంఖ్యులు కుండ మట్టిలో ముందే దాగి ఉందన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు, కుండ అంతకుముందు లేనిది, కొత్తగా పుట్టిందని వాదించారు. మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం, కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకు ఈశ్వరుడు ఉన్నాడని సిద్ధాంతం కట్టారు. వందల ఏళ్లు ఇంత వాదన జరిగింది. కుమ్మరిని వాళ్లెవరైనా ఒక్క మాట అడిగి ఉంటారా అన్నది అనుమానమే.

అడిగి ఉంటే వేళార్ ఏ పక్షం చేరేవాడో చెప్పడం కష్టం. అద్వైతి లెక్కన గుర్రం పేరుకే గనుక, దేవుడికి ఇచ్చింది మట్టే. అలాగైతే పిడికెడు మట్టిని గుడి ముందు పోసి రావచ్చు, నెల రోజుల చాకిరీ ఎందుకు? నైయాయికుడి లెక్కన గుర్రం కొత్తగా పుట్టిన వస్తువు, విరిగితే నశించినట్టు. అలాగైతే మొక్కు కూడా నశించాలి, ఊరు ఆందోళనపడాలి. పొలిమేర ఆచారం ఈ రెంటిలో దేనికీ లొంగదు. అక్కడ గుర్రం అవడం ఒక సంఘటన. పిడిమణ్‌తో మొదలై, కళ్లు తెరవడంతో నిండి, దించి వెనక్కి తిరిగిన క్షణంలో ముగుస్తుంది. ఇచ్చేశాక అది ఇచ్చినవాడి సొత్తు కాదు, కాబట్టి రాలినా వాడికి లోటు లేదు. మిగిలే పెంకులు జరిగిన ఇవ్వడానికి గుర్తులు, అంతే.

ఇదే పద్ధతి వేరే చోట్లా ఉంది. గుజరాత్‌లో ఛోటా ఉదేపూర్ రాఠ్వాలు, పోశీనా వైపు భీల్ గరాసియాలు మొక్కు తీరాక చెట్ల తోపుల్లో మట్టి గుర్రాలు నిలిపి వస్తారు. చిత్రకారుడు హకు షా వీటి మీద ఒక పుస్తకమే వేశాడు. బెంగాల్ బాంకురా జిల్లా పాంచ్‌మురా గుర్రం ధర్మఠాకూర్‌కూ, మనసాదేవికీ, ముస్లిం పీర్ల సమాధులకూ కూడా వెళ్తుంది. మట్టికి ఆ తేడా పట్టదు. ఆ గుర్రమే తరువాత చేతివృత్తుల చిహ్నమై ప్రభుత్వ దుకాణాల్లోకీ, మధ్యతరగతి ఇళ్లలో టీవీ పక్కకీ చేరింది. 2018లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఢిల్లీ హస్తకళల మ్యూజియంలోనూ అయ్యనార్ గుర్రాలున్నాయి. అక్కడ వాటిని పగలకుండా కాపాడాలి, అది మ్యూజియం ధర్మం. ఎవరి మొక్కూ మోయని గుర్రానికి పగలకపోవడమే పని.

తెలుగునేల మీద ఈ ఆలోచన ఇంకా పదునుగా కనిపించేది తిరుపతి గంగమ్మ జాతరలో. చివరి రాత్రి తాతయ్యగుంట గుడి ముందు అమ్మవారి విశ్వరూపాన్ని మట్టితో పెద్దగా తీరుస్తారు. పేరంటాలు వేషం కట్టిన వ్యక్తి వచ్చి ఆ మట్టి చెంప నరకడంతో జాతర ముగుస్తుంది. వెంటనే జనం ఆ మట్టి కోసం ఎగబడతారు, ఇంటికి తీసుకెళ్లి ప్రసాదంగా దాచుకుంటారు. అయ్యనార్ గుర్రాన్ని వాన రాలిస్తే, గంగమ్మ ముఖాన్ని భక్తులే విడదీస్తారు. అది అపచారమని ఎవరికీ తోచదు, అందకపోతేనే బెంగ.

అదే ఊరికి పైన, కొండ మీద బంగారు వాకిలి ఉన్న స్వామి దగ్గరా మట్టికి ప్రత్యేక చోటుంది. గర్భగుడి గడప అయిన కులశేఖర పడి దాటి లోపలికి వెళ్లే నైవేద్యం ఓటికుండలోని పెరుగన్నమేనని సంప్రదాయం, ఆ ఓడు రోజూ కొత్తదే. స్థలపురాణంలో కురువనంబి కథ కూడా ఉంది. కుండలు చేస్తూ చేస్తూ చేతికి అంటిన మట్టితోనే పూలు చేసి స్వామికి అర్పించే కుమ్మరి భీముడతను. తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పూలను పక్కకు నెట్టి మట్టి పూలు ముందుకొచ్చాయని చెబుతారు. దీన్ని పేదవాడి భక్తి గెలిచిన కథగానే వింటుంటాం. కానీ రాజు పూలు వాడవు, కుమ్మరి మర్నాడు మళ్లీ చేయాలి. స్వామికి నచ్చింది ఆ మళ్లీ చేయడమేమో.

ఇప్పుడు తమిళ పొలిమేరల్లో సిమెంటు గుర్రాలు లేస్తున్నాయి. ఎత్తయినవి, ఎనామిల్ రంగులతో కళకళలాడేవి. ఊరివాళ్లను తప్పుపట్టడానికేం లేదు. ప్రతిసారీ చందాలు వేసుకుని, కుమ్మరిని వెతికి, పెళుసు బరువును భుజాల మీద మోయడం చిన్నపనేమీ కాదు. చెరువుల్లో మట్టి తవ్వుకోవడమూ కుమ్మరికి మునుపటంత సులువు కాదు. మేస్త్రీ వస్తాడు, ఇనుప చువ్వలు కడతాడు, ఒక్కసారి డబ్బు ముట్టజెప్పితే అయిపోతుంది. రంగు వెలిస్తే మళ్లీ వేయించుకోవచ్చు. ఆ గుర్రానికి తల రాలదు, కాళ్లు పెంకులు కావు. నేల దగ్గరికి వెళ్లి, వంగి, పిడికెడు మన్ను తీసి వేళార్ చేతిలో పెట్టే పని మాత్రం ఆ ఊళ్లో ఇక ఎవరికీ పడదు.