రాజీ ఖరీదు ఎవరు కట్టారు?

అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినవాళ్లలో ప్రగతిశీల విలువలకు నిజంగా కట్టుబడింది ఎవరని అడిగితే, చాలామంది ఎన్నికల ప్రణాళికలు తిరగేసి మంచి వాగ్దానాలు లెక్కపెడతారు. ఆ లెక్క చాలదని నా నమ్మకం. కాగితం మీద చూస్తే 1912లో థియోడోర్ రూజ్‌వెల్ట్ ప్రోగ్రెసివ్ పార్టీ తెచ్చిన ప్రణాళికకు సాటి వచ్చేవి తక్కువ. స్త్రీలకు ఓటు, పనిగంటలకు హద్దు, బాల కార్మిక వ్యవస్థ రద్దు, రోగానికీ నిరుద్యోగానికీ వృద్ధాప్యానికీ సామాజిక బీమా, అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఏడు ఆగస్టులో షికాగోలో పార్టీ మహాసభ జరిగింది. నిరుపేద వలసదారుల మధ్య జీవితం గడిపిన జేన్ ఆడమ్స్ లేచి రూజ్‌వెల్ట్ అభ్యర్థిత్వాన్ని బలపరిచింది. అదే సభలో దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులను మాత్రం కూర్చోనివ్వలేదు. దక్షిణాది తెల్లవాళ్లు తనవైపు తిరగాలంటే ఇది తప్పదని రూజ్‌వెల్ట్ అనుకున్నాడు. సమాన హక్కులు కోరుతూ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ రాసి పంపిన తీర్మానానికీ ప్రణాళికలో చోటు దొరకలేదు. ఆ ఎన్నికలో రూజ్‌వెల్ట్‌కు 88 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. దక్షిణాది నుంచి ఒక్కటి కూడా రాలేదు.

రాజకీయాల్లో రాజీ తప్పదు, నిజమే. ఎంత పెద్ద ఆదర్శమైనా ఎక్కడో ఒకచోట తగ్గకుండా చట్టం కాలేదు. కానీ రాజీ అన్న ఒక్క మాట కింద రెండు వేరువేరు పనులు దాక్కుని ఉన్నాయి. ఒకటి, నాకు రావలసినదాన్ని నేను వదులుకోవడం. రెండోది, నీకు రావలసినదాన్ని నేను వదిలేయడం. మొదటిది త్యాగం. రెండోదాన్ని మన పెద్దలు అత్తసొమ్ము అల్లుడు దానం అన్నారు. షికాగోలో రూజ్‌వెల్ట్ తనది కానిదాన్ని ఇచ్చేశాడు. కాబట్టి ఒక అభ్యర్థి విలువలను తూచడానికి ఎంత రాజీ పడ్డాడన్నది కాదు, ఆ రాజీ ఖరీదు ఎవరు కట్టారన్నది చూడాలి.

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం తర్వాతి కాలంలో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఓడిపోయేవాళ్లు చేతులకు మట్టి అంటకుండా మాట్లాడగలరు, గెలిచినవాడు అన్నం పెట్టాలి కదా అంటారు. 1935లో సోషల్ సెక్యూరిటీ, 1938లో కనీస వేతన చట్టం ఆయన హయాంలోనే వచ్చాయి. కోట్లమంది ముసలితనంలో అడుక్కోకుండా బతికారంటే ఆ పుణ్యం ఆయనకు దక్కాల్సిందే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ రెండు చట్టాలూ పొలం కూలీలనూ ఇళ్లల్లో పనిచేసేవాళ్లనూ బయటే ఉంచాయి. వసూళ్ల ఇబ్బంది అన్న కారణం ఒకటి చెప్పారు, దక్షిణాది సభ్యుల ఒత్తిడి ఎంత అన్నదానిపై చరిత్రకారుల మధ్య వాదం నడుస్తూనే ఉంది. కారణం ఏదైనా, ఆనాడు నల్లజాతివాళ్లలో అత్యధికులు చేసింది ఆ రెండు పనులే. మూకహత్యల నిరోధక బిల్లు దగ్గర అసలు సందేహానికే తావు లేదు. 1934లో నల్లజాతి హక్కుల నాయకుడు వాల్టర్ వైట్ వచ్చి ఆ బిల్లుకు గట్టిగా నిలబడమని అడిగితే, కమిటీల మీద పెత్తనం దక్షిణాదివాళ్లదని, వాళ్లకు కోపం వస్తే తన మిగతా బిల్లులు ఆగిపోతాయని రూజ్‌వెల్ట్ చెప్పాడు. ఆ లెక్క తప్పు కాకపోవచ్చు. కానీ ఆ లెక్కలో చెట్టుకు వేలాడింది ఆయన కాదు. ఫలితం గొప్పదని ఒప్పుకుంటూనే, ఆ విలువలకు నిలువెత్తు రూపం ఆయనేనని అనలేకపోతున్నాను. 1942 ఫిబ్రవరి ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లు వదిలించి శిబిరాల్లో పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులు.

ఖరీదు తానే కట్టినవాడు కావాలంటే యూజీన్ డెబ్స్ ఉన్నాడు. ఇండియానా రైల్వే పనివాడు, అయిదుసార్లు సోషలిస్టు అభ్యర్థి. 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా ఒక్క ఉపన్యాసం ఇచ్చినందుకు పదేళ్ల శిక్ష పడింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. 1920లో ఆయన అట్లాంటా జైలు నుంచే పోటీ చేశాడు. ప్రచార బిళ్లల మీద ఖైదీ నంబరు 9653 అచ్చు వేయించారు. తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆయన మౌనంగా ఉంటే చాలు, ఇంట్లో ఉండేవాడు. ఆ మౌనం ఖరీదు యుద్ధానికి వెళ్లే కుర్రాళ్లు కడతారని ఆయనకు తెలుసు. అయితే డెబ్స్‌లోనూ ఒక కొరత ఉంది. 1894లో తన రైల్వే యూనియన్‌లో నల్లజాతివాళ్లను చేర్చుకోమని వాదించి ఓడిపోయినవాడే, తర్వాత వాళ్లకోసం సోషలిజం ప్రత్యేకంగా ఇవ్వగలిగింది ఏమీ లేదని, వర్గ పోరాటంలోనే అంతా తీరుతుందని రాశాడు. అది స్వార్థం కాదు, చూపు ఆనని చోటు.

ఆ కాలమే అలాంటిది, ఈనాటి కొలతతో ఆనాటివాళ్లను కొలవకూడదని ఇంకో అభ్యంతరం. ఇది నాకు ఎప్పుడూ ఒప్పుకోబుద్ధి కాదు. డుబోయిస్ ఏ కాలంవాడు? తీర్మానం రాసింది 1912లోనే. బయట ఆగిపోయిన ప్రతినిధులది కూడా ఆ కాలమే. కాలం పేరు చెప్పి క్షమించేటప్పుడు ఆ కాలంలో గెలిచినవాళ్ల అభిప్రాయాన్నే మనం కాలం అంటున్నాం.

ఖరీదు ఎవరు కట్టారన్న కొలతకు అందరికన్నా దగ్గరగా నిలిచేది షర్లీ చిజమ్ అని నా నిర్ణయం. తండ్రి బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కూలీ, బార్బడోస్ నుంచి వచ్చిన తల్లి బట్టలు కుట్టేది, ఇళ్లల్లో పనిచేసేది. 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ ఆమె. 1972 జనవరిలో బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో డెమోక్రాటిక్ అభ్యర్థిత్వానికి పోటీ ప్రకటించింది. నల్లజాతి నాయకులు చాలామంది ఆడమనిషని, స్త్రీవాదులు చాలామంది గెలవదని పక్కకు తప్పుకున్నారు. మయామీ బీచ్ మహాసభలో 152 మంది ప్రతినిధుల ఓట్లు మాత్రమే వచ్చాయి. ఆమె ప్రచారంలో నన్ను నిలిపేసేది ఒక ఆసుపత్రి గది. ఆ మే నెలలో మేరీలాండ్‌లో జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిగాయి. అలబామా గవర్నరుగా జాతి వివక్ష ఎప్పటికీ ఉండాలని ప్రతిజ్ఞ చేసినవాడు, అదే అభ్యర్థిత్వానికి ఆమె ప్రత్యర్థి. ఆమె వెళ్లి మంచం పక్కన నిలబడింది. మీవాళ్లు ఏమంటారో అని అతను అడిగితే, ఏమంటారో నాకు తెలుసు, మీకు జరిగింది ఎవరికీ జరగకూడదు అంది. అతను ఏడ్చాడు. ఆమె మద్దతుదారులకు నిజంగానే కోపం వచ్చింది.

శత్రువును పలకరించడం కూడా రాజీయే కదా, థియోడోర్ రూజ్‌వెల్ట్‌ను తప్పుపట్టి ఈమెను మెచ్చుకోవడమేమిటని అడగవచ్చు. తేడా నేను పైన చెప్పినచోటే ఉంది. దక్షిణాదిని కలుపుకోవడానికి రూజ్‌వెల్ట్ కొందరిని సభలోంచి తప్పించాడు. చిజమ్ ఆ గదిలోకి వెళ్తూ ఎవరి హక్కునూ వెంట తీసుకెళ్లి అప్పగించలేదు. పోగొట్టుకున్నది తన సొంత మద్దతు, తన సొంత పేరు. కొన్నాళ్లకు, 1938లో వదిలేసిన ఇంటి పనివాళ్లను కనీస వేతన చట్టంలో చేర్చే బిల్లు సభకు వచ్చింది. దక్షిణాది సభ్యుల ఓట్లు కూడగట్టడానికి వాలెస్ సాయం చేశాడని తర్వాత ఆమే చెప్పింది. 1974 ఏప్రిల్‌లో ఆ సవరణ చట్టమైంది. ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, పరాయి పిల్లలను పెంచేవాళ్లు, 36 ఏళ్ల తర్వాత, అందులోకి వచ్చారు. ఆమె తల్లి బ్రూక్లిన్‌లో చేసింది ఆ పనే.