పడవ దూరంలో ఆసియా

తక్కువ ఖర్చుతో ఆసియా సంస్కృతులను చూడాలని థాయిలాండ్, శ్రీలంక ప్రయాణాలకు లెక్కలు వేసుకునే పల్నాటి కుటుంబాలు మొదట మాచర్ల చెంతనున్న నాగార్జునకొండను తలచుకోవడం సముచితం. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి వెలసిన ఆ లోయకు ఆసియాయే నడిచి వచ్చింది. ఉపాసిక, అనగా గృహస్థురాలిగా ఉంటూనే బౌద్ధాన్ని ఆచరించే స్త్రీ అయిన బోధిసిరి వేయించిన ప్రాకృత శాసనం, కాశ్మీర, గాంధార, చీనా, యవనాది దేశాలకు ధర్మాన్ని చేర్చిన తామ్రపర్ణి (నేటి శ్రీలంక) ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహాన్ని, అంటే స్తూపాన్ని అర్చించే మందిరాన్ని, కట్టించినట్లు చెబుతుంది. ఘంటసాలగా చరిత్రకారులు గుర్తించిన కంటకసోల అనే రేవుపట్టణం ప్రస్తావన కూడా అందులోనే ఉండటం సముద్రానికీ ఈ లోయకూ గల బంధాన్ని తెలుపుతుంది. రాజుల విజయగాథల కంటె, ఎక్కడి నుండో వచ్చిన అతిథులకు నీడ కల్పించిన ఈ స్త్రీ దానమే పల్నాటికి గొప్ప కీర్తి.

నాగార్జునసాగర్ నీటిలో లోయ మునిగిపోక ముందు, 1954 నుండి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలలో కొన్నింటిని కొండపైన, మరికొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. కొండ పైభాగం నేడు ద్వీపం. అక్కడి మ్యూజియానికి చేరడానికి విమానం అక్కరలేదు, విజయపురి సౌత్ నుండి లాంచీ ఎక్కితే చాలు.