సొంత పుస్తకం, సొంత నోరు

తన పుస్తకాన్ని గురించి తానే చెప్పుకోటం ఆత్మస్తుతి అనీ, ఆత్మస్తుతి అధమగుణమనీ మన సాహిత్యలోకంలో వొక మర్యాద వున్నది. అదే లోకంలో పెద్దలచేత పీఠికలు రాయించుకోటం, ఆవిష్కరణ సభలో నలుగురిచేత పొగిడించుకోటం తప్పు కాదు. అంటే పొగడ్తకు అభ్యంతరం లేదు. అది సొంత నోట రావటానికే అభ్యంతరం! ఈ మర్యాద రచయితకు వినయం నేర్పదు. పొగడటానికి ఇంకొక నోటిని వెతుక్కోటం నేర్పుతుంది.

నా విమర్శ వ్యాసాల సంపుటిని నేనే అచ్చువేసుకొన్నాను. ఐదువందల ప్రతులు. వాటిని పాఠకుల ముందు పెట్టవలసి వచ్చినప్పుడు కలిగిన సంకోచాన్ని విడదీసి చూస్తే అందులో రెండు ప్రశ్నలు కనిపించాయి. 'ఈ రచన నిలుస్తుందా?' అన్నది మొదటిది. 'నన్ను గురించి ఏమనుకొంటారు?' అన్నది రెండవది.

మొదటి ప్రశ్న రాతప్రతి దగ్గర ఎంత వేధిస్తే అంత మంచిది. అచ్చయిన తరవాత దానికి జవాబు చెప్పే అధికారం పాఠకుడిది. రెండవది మాత్రం వినయం వేషం వేసుకొన్న అహంకారం. తాను నేసిన చీరకు వెల చెప్పటానికి నేతగాడు సిగ్గుపడడు. మనకెందుకు సిగ్గు? మన పనిని శ్రమగా ఒప్పుకోటానికి మనస్కరించక! వీరేశలింగంపంతులుగారికి ఈ బాధ లేదు. 1874లో 'వివేకవర్ధని' పత్రిక పెట్టారు. సొంత అచ్చుకూటం నడిపారు. 'రాజశేఖర చరిత్రము'ను తన పత్రికలోనే ప్రకటించి 1880లో పుస్తకంగా తెచ్చారు. చెప్పవలసింది వున్నవాడు ఎవరో వచ్చి పిలిచేదాకా ఆగడు.

అయితే ధైర్యానికీ వొక హద్దు వున్నది. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 1855లో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్'ను సొంత ఖర్చుతో అచ్చువేసుకొన్నాడు. కొంత టైపు తన చేత్తోనే కూర్చాడు. అక్కడివరకూ ఆయనకు నమస్కారం. ఆపైన పేరు పెట్టకుండా తన పుస్తకానికి తానే సమీక్షలు రాసుకొన్నాడు. ఎమర్సన్ తనకు రాసిన ఉత్తరంలోని అభినందన వాక్యాన్ని, ఆయన్ను అడక్కుండానే, 1856 ముద్రణలో పుస్తకం వెన్నుమీద బంగారు అక్షరాలతో వేయించాడు. కవి గొప్పవాడైనంత మాత్రాన ఈ పని మంచిదైపోదు. తన పేరుతో 'చదవండి' అని అడిగినవాడు పాఠకుణ్ణి న్యాయమూర్తిగా కూర్చోబెడుతున్నాడు. పరాయి గొంతుతో 'గొప్పది' అనిపించుకొన్నవాడు ఆ న్యాయమూర్తి సంతకాన్ని దొంగిలిస్తున్నాడు.

మనలో అధ్యాపకులైనవారికి ఇంతకంటె కఠినమైన పరీక్ష వున్నది. నా తరగతిలో పుస్తకం బల్లమీద పెట్టి వెల చెబితే కొనేవాళ్లు తప్పక దొరుకుతారు. కాని వాళ్ల మార్కులు నా చేతిలో వున్నాయి. కాదనలేనివాడు చెప్పిన 'సరే'కు విలువ ఏమిటి? దాన్ని అమ్మకం అనరు, వసూలు అంటారు. అందుకని తరగతిలో నా పుస్తకం ఊసెత్తను. కాలేజీ గ్రంథాలయానికి రెండు ప్రతులు ఇచ్చాను. సాహిత్య సభల్లో, పుస్తక ప్రదర్శనల్లో మాత్రం బల్ల దగ్గర నేనే నిలబడతాను. ఇది నేను రాసిందనీ, ఫలానా విషయం మీద రాశాననీ, వెల ఇంత అనీ చెబుతాను. వచ్చినవాడు నాలుగు పుటలు తిప్పి, పెదవి విరిచి, అవతలికి పోవచ్చు. అలా పోయే స్వేచ్ఛ వున్నది కాబట్టే మరొకడు కొన్న ఒక్క ప్రతికి అర్థం వున్నది.

కనుక రచయితకు కావలసిన ఆత్మవిశ్వాసం తన పుస్తకం గొప్పదన్న నమ్మకం కానక్కరలేదు. ఆ నమ్మకాన్ని అనుమానిస్తూనే బల్ల దగ్గర నిలబడవచ్చు. పాఠకుడు తీర్పు చెప్పగలడన్న నమ్మకం వుంటే చాలు. ప్రజల మీద మనకు విశ్వాసం వున్నదని వేదికలెక్కి చెబుతూ వుంటాం. ఆ ప్రజల్లో ఒకడు మన పుస్తకాన్ని తీసి చూసి, తిరిగి బల్లమీద పెట్టేసినప్పుడు కూడా ఆ విశ్వాసం నిలబడాలి.