పంది రాని రాత్రి

సహకార సంఘాల పాఠం చెబుతూ మేము తరగతిలో ఒక ఉదాహరణ ఇచ్చాం. ఊరివాళ్లంతా ఏడాదికోసారి తలా కొంత వేసుకుంటారు. ఎవరికి జబ్బు చేస్తే వాళ్ల వైద్యానికి ఆ డబ్బు ఖర్చు పెడతారు. వెనక వరుసలో ఒక పిల్లవాడు లేచి, “నాకు జబ్బు రాకపోతే నా డబ్బు పోయినట్టేనా సార్?” అని అడిగాడు. తరగతి నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఊళ్లో పెద్దలూ ఇదే మాట అంటారు.

జబ్బు చేస్తే ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? జ్వరానికి మేకను అమ్ముతున్నాం. కాన్పు కష్టమైతే జీడితోట తాకట్టు పెడుతున్నాం. డోలీ మోయడానికి నలుగురూ వస్తారు. ఆసుపత్రి గుమ్మం దాటాక బిల్లు మోసేది మాత్రం ఆ ఇల్లొక్కటే.

బదులు పని మనకు కొత్త కాదు. ఈ రోజు ఊరంతా ఒకరి చేలో కలుపు తీస్తే రేపు ఇంకొకరి చేలో తీస్తారు. ఇచ్చిన రోజు తిరిగొస్తుంది, లెక్క సరిపోతుంది. జబ్బు అలా వంతుల ప్రకారం రాదు. ఒక ఇంటికి ఏటా వస్తుంది, ఇంకొక ఇంటికి పదేళ్లయినా రాదు. అందుకే బదులు న్యాయం ఇక్కడ సరిపోదు.

తమిళనాడులోని నీలగిరి జిల్లా గూడలూరు ఆదివాసులు ఈ చిక్కును ఎదుర్కొన్నారు. పణియ, బెట్టకురుంబ, ముళ్ళుకురుంబ, కాట్టునాయకన్ తెగలవాళ్లు మొదట భూమి కోసం సంఘం కట్టారు. 1988లో వేలమంది ఊరేగింపుగా కదిలారు. ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు తయారయ్యారు. 1990లో ‘అశ్విని’ సంస్థ పేరుతో ఆసుపత్రి వచ్చింది. 1992లో సంఘ సభ్యులు ఏటా కొద్దిపాటి చందా కట్టే బీమా మొదలైంది. ఆదివాసీ ఆడపిల్లలు నర్సులయ్యారు. చట్టం ప్రకారం అది సహకార సంఘం కాదు, సొసైటీ. సభ్యుల చందాతోనే అంతా నడవలేదు, బయటి విరాళాలూ కావలసివచ్చాయి. అయినా ‘ఇది మా ఆసుపత్రి’ అని అక్కడి ఆదివాసీ చెప్పుకోగలడు.

ఆ ప్రాంతపు ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. మన ఏజెన్సీలోనూ ఉంది. ఆ జబ్బుతో పుట్టిన బిడ్డకు జీవితాంతం వైద్యం కావాలి. ఆ బిడ్డ పేరున కట్టే చందా కంటే అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. లాభం చూసుకునే వ్యాపారి ఆ బిడ్డను చేర్చుకోడు, లేదా ఎక్కువ కట్టమంటాడు. ఆ బిడ్డ చేసిన తప్పేమిటి? ఆరోగ్యంగా పుట్టినవాడి గొప్పేమిటి? అందరికీ ఒకే చందా పెట్టడంలోని న్యాయం ఇదే.

మరి జబ్బు రానివాడి మాటేమిటి? మొక్కజొన్న కంకి వేశాక వంతులేసుకుని మంచె మీద కావలి ఉంటాం. ఒకరి వంతు రాత్రి పంది రాదు. తెల్లారి దిగివచ్చి ‘నా రాత్రి వృథా అయింది’ అని ఎవరూ అనరు. కావలి ఉందన్న ధీమాతో ఊరంతా నిద్రపోయింది. రేపు అతనూ అలాగే నిద్రపోతాడు. చందాకు దక్కేది ఆ నిద్రే.

వైద్యం ప్రభుత్వ బాధ్యత, మన జేబులోంచి ఎందుకు అంటారు కొందరు. బాధ్యత నిజమే. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యపు ప్రధాన విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. సంఘం పెట్టుకున్నామని పీహెచ్‌సీలో డాక్టరు లేకపోయినా ఊరుకోకూడదు. కానీ ఒక్కడే వెళ్లి అడిగితే రేపు రమ్మంటారు. సంఘంగా వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. దయతో వచ్చిన వైద్యానికి దండం పెట్టి వస్తాం. మనదైన వైద్యానికి లెక్క అడుగుతాం.

మర్నాడు ఆ పిల్లవాడికి మంచె సంగతి చెప్పాం. కాసేపు ఆలోచించి, “మరి కావలివాడే నిద్రపోతే సార్?” అన్నాడు.

ఇది మొదటిదానికంటే మంచి ప్రశ్న. చందా కట్టడంతో సగం పనే అవుతుంది. సమావేశానికి వెళ్లడం, పద్దు చదివించుకోవడం, తేడా వస్తే అడగడం మిగతా సగం. ఆ సగం చేయకపోతే సంఘం మనదని పేరే మిగులుతుంది. చాలా ఇళ్లలో పద్దు చదవగలిగింది బడికెళ్లిన పిల్లలే. ఆ చదువు వాళ్లకు చెప్పవలసింది మేమే.