కరవులో కోరుకొన్న దాస్యము

పాఠము: ఆది. 47:13–26

ఐగుప్తీయులు యుద్ధములో ఓడి ఫరోకు దాసులు కాలేదు. కరవులో తామే వచ్చి అడిగిరి. మొదట రూకలు పోయెను, తరువాత పశువులు, కడపట పొలములును దేహములును. అయినను తమ్మును బ్రదికించితివని యోసేపును కొనియాడిరి!

మన ఓరుగల్లు సీమకు ఇది క్రొత్త కథ కాదు. 1948 వరకు, నిజాము ప్రభుత్వములో, వడ్లు నాగుకు తెచ్చిన కూలివాడు అప్పు తీరక వెట్టికి పోయి, "నీ బాంచెన్, కాల్మొక్త" అనుచుండెను. దొరమీద ప్రేమచేతనా? గింజలు దొర గాదెలో నుండుటచేత. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడవెండిలో దొరకు ఎదురు నడచినవారిలో దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకు కూలెను. నేడును విత్తనములకు అప్పిచ్చినవాడు చెప్పిన గుర్తుకే ఓటు వేయువారు మనలో లేరా?

22వ వచనము చదువునప్పుడు పాస్టరునైన నాకు సిగ్గగును. యాజకుల భూములు మాత్రము పోలేదు. వారు ఫరో ఇచ్చిన బత్తెము తినిరి. జనులకొరకు వారు నోరు తెరచినట్లు వ్రాయబడలేదు.

నెహెమ్యా 5వ అధ్యాయము కూడ చదువుడి. పొలములు కుదువబెట్టి, పిల్లలను దాసులుగా ఇచ్చినవారికి అతడు ధైర్యము బోధింపలేదు. ప్రధానులచేత ముందు పొలములును వడ్డీయును తిరిగి ఇప్పించెను. తాను అధికారిగా నున్న 12 సంవత్సరములు అధికారికి రావలసిన ఆహారము ముట్టలేదు.