గవ్వకు విలువ ఎవరిచ్చారు?

కొన్ని ఇళ్లలో పసిపిల్లలకు దిష్టి తగలకూడదని నల్లదారానికి గవ్వ గుచ్చి కడతారు. ఆ దారం తీసేయమని మేము ఒక తల్లితో అంటే, “తీస్తే బిడ్డకేమైనా అవుతుందేమో మౌల్వీసాబ్” అన్నారామె. ఆమె ప్రేమను మేము శంకించడం లేదు. ఆ భయం గురించే మా బాధ.

గవ్వ అంటే ఏమిటి? సముద్రంలో బ్రతికే చిన్న నత్త పెంకు. ఒకప్పుడు డబ్బుగా చెలామణి అయిన పసుపుపచ్చ గవ్వ లోతులేని పగడపు దిబ్బల్లో ఉంటుంది. ఆ ప్రాణి తన మెత్తని పొరను రెండు వైపుల నుండీ పెంకు మీద కప్పుకుంటుంది. గవ్వకు అంత నునుపు అందుకే. ఈ పనితనం సృష్టికర్తది.

ప్రఖ్యాత యాత్రికుడు ఇబ్నె బతూతా 1343లో మాల్దీవులు చేరి, అక్కడ ఖాజీగా పనిచేశారు. ద్వీపవాసులు ఈ ప్రాణులను గుంటల్లో వేసేవారనీ, మాంసం పోయి పెంకులు మిగిలేవనీ, వాటినిచ్చి బెంగాల్ వారి నుండి బియ్యం తీసుకునేవారనీ రాశారు. అక్కడ ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు, ఒక్కోసారి 12 లక్షలు వచ్చేవి. ఆయనే తర్వాత ఆఫ్రికాలోని మాలీలో చూస్తే, దీనారుకు 1,150 గవ్వలే! గవ్వ అదే, విలువ మారింది. 19వ శతాబ్దంలో ఓడలకొద్దీ గవ్వలు పశ్చిమాఫ్రికాకు చేరడంతో అక్కడా దాని విలువ పడిపోయింది. మన భాషలోనూ చివరికి ‘చిల్లిగవ్వ’ అనే మాటే మిగిలింది.

మనుషులిచ్చిన విలువను మనుషులే తీసేశారు. మరి దిష్టిని ఆపే శక్తిని దానికెవరిచ్చారు? గుంటలో పడిన రోజున తనలోని ప్రాణినే కాపాడలేని పెంకు మన బిడ్డనేం కాపాడుతుంది?

దిష్టి వాస్తవమేనని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపారు. అయితే తావీదులు కట్టుకోవడాన్ని షిర్క్‌గా హెచ్చరించారు. ముస్నద్ అహ్మద్‌లో ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనంలో గవ్వ కట్టుకోవడాన్ని పేరుపెట్టి మరీ ఖండించడం జరిగింది. గవ్వను అమ్మడం, కొనడం తప్పు కాదు. దాని మీద నమ్మకం పెట్టుకోవడమే తప్పు.

మరి తల్లి ఏం చేయాలి? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన మనుమలు హసన్, హుసైన్‌ల కోసం అల్లాహ్ శరణు వేడుకునేవారు. మనమూ ఫలఖ్, నాస్ సూరాలు చదివి బిడ్డపై ఊదుదాం. జ్వరం వస్తే వైద్యునికి చూపిద్దాం. దారం తెంపడానికి చేయి వణికితే, ఆ వణుకు ఎవరికి చెందాలో గుర్తుచేసుకుందాం. గవ్వను పుట్టించినవాడికే మన భయం, మన ఆశ చెందాలి.

అల్లాహ్ మన బిడ్డలను తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.