సొట్ట ఎవరి ఖాతాలో?

పక్కింట్లో పెళ్ళంటే మనింట్లోంచి గుండిగ వెళుతుంది. తీసుకెళ్ళేవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసుకునే తీసుకెళతారు. తిరిగొచ్చేసరికి అడుగున సొట్ట! "మొదట్నించీ ఉందేమోనండీ" అంటే ఒళ్ళు మండదూ? చూసుకునే తీసుకెళ్ళారుగా, తల్లీ!

గుండిగ సంగతి సరే, మనిషి సంగతో?

సైన్యంలో చేర్చుకునేముందు కుర్రవాణ్ణి నఖశిఖపర్యంతం పరీక్ష చేస్తారు. ధరమ్‌వీర్ సింగ్ అనే ఆయన అలా నెగ్గి 1985లో చేరాడు. మూర్ఛరోగం వచ్చిందని 1994లో, 20 శాతం వైకల్యం రాసి ఇంటికి పంపేశారు. పింఛను అడిగితే, ఆ జబ్బు అతని శరీరతత్వంలోనే ఉంది, ఉద్యోగం వల్ల వచ్చింది కాదన్నారు. హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఇమ్మంటే పై బెంచి కాదంది. చివరికి 2013 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది: చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు రాయలేదంటే అప్పుడు లేనట్టే లెక్క. కాదనాలంటే వైద్యులు కారణం చూపాలి. సందేహముంటే ఆ లాభం సిపాయిదే. ఇది కోర్టువారు కొత్తగా చూపిన దయేం కాదు, 1982 నాటి పింఛను నిబంధనల్లో ఉన్నమాటే! ఆ నిబంధనలు 2008లోనూ, 2023లోనూ మారాయి. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

"ప్రజల సొమ్ము కదా, అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలా?" అంటారేమో. న్యాయమే. కొన్ని జబ్బులు ఎక్కడున్నా వచ్చేవే. కాని మూర్ఛ ఎందుకొచ్చిందో చాలాసార్లు డాక్టరుకే తెలీదు. ఎవరికీ తెలియనప్పుడు ఆ తెలియనితనం బరువు ఎవరు మొయ్యాలి? రికార్డులూ డాక్టర్లూ చేతిలో ఉన్న సర్కారా? జబ్బుతో ఇల్లు చేరిన మనిషా?

దూరం కూడా ఆ బరువుకి తోడు. ఈ అప్పీళ్ళు వినడానికి 2007 చట్టంతో సాయుధదళాల ట్రిబ్యునల్ పుట్టి, 2009లో పని మొదలెట్టింది. మన ప్రాంతపు కేసులు చెన్నై బెంచికి. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవిపల్లెలోని మాజీ సిపాయి భద్రాచలం వచ్చి, గోదావరి వంతెన దాటి, కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో రైలెక్కాలి. మూర్ఛ వచ్చే మనిషిని ఒంటరిగా పంపుతారా? కాగితాల సంచీ పట్టుకుని, కూలి పోగొట్టుకుని, భార్యే వెంట వెళ్ళాలి.

"నీ మొగుడి జబ్బు కొలువు వల్లే వచ్చిందని రుజువు చెయ్యమ్మా" అని ఆవిణ్ణి అడగ్గలమా? నా నోరు రాదు. దానమైతే ఇచ్చేవాడి ఇష్టం. బాకీ అయినప్పుడు, లేదనేవాడే లెక్క చూపించాలి. దేవుణ్ణే లెక్కలడిగిన రామదాసు నేల అది. సర్కారుని అడగడంలో తప్పేముందండీ?